మరొక డాక్టరును అడిగితే తప్పవుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఒక్కచోట చేర్చి జవాబు రాస్తున్నాను. మూడూ ఒడిశా సరిహద్దు పట్టణాలలో ఉంటున్న మన తెలుగువారు రాసినవే. జబ్బులు వేరైనా మూడింటిలో ఉన్న సందేహం ఒక్కటే. పేర్లు వేయవద్దని కోరినందున వేయడం లేదు.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 38 సంవత్సరాలు. ఇద్దరు పిల్లలు. ఏడాదిగా నెలసరి సమయంలో రక్తస్రావం ఎక్కువగా అవుతోంది, ఎనిమిది తొమ్మిది రోజులైనా ఆగడం లేదు. మా వీధిలోని ఆర్ఎంపీ గారు మమ్మల్ని ఒక నర్సింగ్ హోముకు తీసుకువెళ్ళారు. అక్కడ స్కానింగ్ చేసి గర్భసంచి పెద్దదైందని, గోడలో మూడున్నర సెంటీమీటర్ల గడ్డ ఉందని, ముఖద్వారం మీద పుండు కూడా ఉందని, ఆలస్యం చేస్తే క్యాన్సరు అవుతుందని, పది రోజులలో గర్భసంచి తీయించుకోమని చెప్పారు. మా అత్తగారు "పిల్లలు పుట్టాక దానితో పనేముంది, తీయించేసుకో" అంటున్నారు. మా వారు అడ్వాన్సు కట్టడానికి సిద్ధంగా ఉన్నారు. నాకు మాత్రం ఇంకొకరికి చూపించుకోవాలని ఉంది. ఆ సంగతి ఈ డాక్టరు గారికి తెలిస్తే కోప్పడతారేమో, రేపు అవసరమై వెళితే సరిగా చూడరేమో అని భయం. నేను చేయబోయేది తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ఒంట్లోని ఒక అవయవాన్ని తీసివేయాలని ఒక డాక్టరు చెప్పినప్పుడు, అది నిజంగా అవసరమేనా అని మరొక డాక్టరును అడగడం మీ హక్కు. ఈ మాట మీకు ధైర్యం చెప్పడానికి అంటున్నది కాదు. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగి హక్కుల పత్రంలో, తనకు నచ్చిన తగిన వైద్యుని వద్ద రెండవ అభిప్రాయం తీసుకునే హక్కు రోగికి ఉందని, అందుకు కావలసిన కాగితాలను ఆసుపత్రి అదనపు ఖర్చు లేకుండా, ఆలస్యం చేయకుండా ఇవ్వాలని స్పష్టంగా రాసి ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2018లో ఆ పత్రాన్ని ప్రజల ముందు పెట్టి, ఆ తరువాత దానిని అమలు చేయవలసిందిగా రాష్ట్రాలకు రాసింది.

డాక్టరు కోప్పడతారేమోనన్న భయానికి నా అనుభవమే చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం, మీలాగే రక్తస్రావంతో వచ్చిన ఒకావిడకు ఆపరేషన్ తప్పదని రాసి పంపాను. ఆవిడ నాకు చెప్పకుండా మరొక డాక్టరు దగ్గరకు వెళ్ళారు. ఆ డాక్టరు థైరాయిడ్ పరీక్ష చేయించారు. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే నెలసరి రక్తస్రావం పెరుగుతుందని నాకు తెలియక కాదు, ఆ రోజు ఆ పరీక్ష రాయాలని నాకు తోచలేదు. మాత్రలు వాడిన కొన్ని నెలలకు రక్తస్రావం అదుపులోకి వచ్చింది. ఆవిడ స్వయంగా వచ్చి ఆ రిపోర్టు నా బల్ల మీద పెట్టినప్పుడు మనసు చివుక్కుమన్న మాట నిజమే. కానీ ఆవిడ వెళ్ళకపోయి ఉంటే అవసరం లేని ఆపరేషన్‌కు కారణం నేనే అయ్యేవాణ్ణి. అప్పటి నుంచి పెద్ద ఆపరేషన్ ఏది చెప్పినా, మరొకరికి కూడా చూపించుకోండి అని నేనే చీటీ రాసి ఇస్తున్నాను. తన నిర్ణయం మీద నమ్మకం ఉన్న డాక్టరు ఎవరూ దీనికి నొచ్చుకోరు. నొచ్చుకుని మీ కాగితాలు ఇవ్వడానికి నిరాకరించేవారు ఉంటే, అక్కడ ఆపరేషన్ చేయించుకోవాలా అని ఆలోచించవలసింది మీరే.

ఇక మీ సంగతికి వస్తాను. నేను మిమ్మల్ని పరీక్షించలేదు కనుక ఆపరేషన్ అవసరమో కాదో ఇక్కడి నుంచి చెప్పలేను. అయితే మీకు చెప్పిన మాటలను ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

"గర్భసంచి పెద్దదైంది" అన్నది మొదటిది. స్కానింగ్ రిపోర్టులలో "బల్కీ యుటెరస్" అని తరచుగా రాస్తారు. ఇద్దరు పిల్లలను కన్న స్త్రీలలో గర్భసంచి కొంచెం పెద్దదిగా ఉండడం మామూలే. ఆ మాట ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు.

రెండవది గడ్డ. ఈ వయసులో కనిపించే ఫైబ్రాయిడ్ గడ్డలు దాదాపు అన్నీ క్యాన్సరు కానివే. అవి క్యాన్సరుగా మారడం చాలా అరుదు. ముట్లుడిగిన తరువాత చాలామందిలో వాటంతట అవే కుంచించుకుపోతాయి. ఇందులో గడ్డ ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యం. బయటి వైపు ఉన్న గడ్డ నిమ్మకాయంత ఉన్నా రక్తస్రావాన్ని పెంచకపోవచ్చు, లోపలి పొరను నొక్కే గడ్డ శనగగింజంత ఉన్నా పెంచవచ్చు. అందువల్ల రెండవ డాక్టరును మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: "నా రక్తస్రావానికి ఈ గడ్డే కారణమని ఎలా తెలిసింది?"

మూడవది పుండు. దీని గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే తెల్లబట్ట అవుతోందని, ముఖద్వారం మీద పుండు ఉందని భయపెట్టి గర్భసంచి తీయించిన సంఘటనలు మన ప్రాంతంలో ఎన్నో చూశాను. ముఖద్వారం లోపలి మెత్తని పొర కొంచెం బయటకు వచ్చి ఎర్రగా కనిపించడాన్నే చాలాసార్లు పుండు అంటారు. పిల్లలు పుట్టే వయసులో ఇది సహజం, ఇది క్యాన్సరు కాదు. అక్కడ నిజంగా ఏదైనా అనుమానం ఉంటే తేల్చడానికి గర్భసంచి తీయనక్కరలేదు. పాప్ స్మియర్ అనే చిన్న పరీక్ష ఉంది. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పల్చగా కలిపి ముఖద్వారానికి పూసి, తెల్ల మచ్చలు వస్తాయేమో చూసే పరీక్ష కూడా ఉంది. 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు ఈ రెండవ పరీక్షను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో చేయాలన్నది కేంద్ర ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మీకు ఈ పరీక్షలలో ఏదైనా చేశారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు.

మీ ఉత్తరంలో కనిపించనివి మరికొన్ని ఉన్నాయి. మీ హిమోగ్లోబిన్ ఎంత? గర్భవతి కాని స్త్రీకి 12 గ్రాములు ఉండాలి. ఏడాదిగా ఇంత రక్తం పోతున్నప్పుడు అది ఎనిమిదికో ఏడుకో పడిపోయి ఉండవచ్చు. అలా ఉంటే గర్భసంచి మాట తరువాత, ముందు రక్తహీనతకు వైద్యం జరగాలి. థైరాయిడ్ చూశారా? గర్భసంచి లోపలి పొరలో మార్పులు ఉన్నాయన్న అనుమానం ఉంటే అక్కడి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారా? రక్తస్రావాన్ని మందులతో తగ్గించే ప్రయత్నం ఏమైనా చేశారా? నెలసరి రోజులలో మాత్రమే వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి. గర్భసంచిలో అమర్చితే ఏళ్ళ తరబడి పనిచేసి రక్తస్రావాన్ని బాగా తగ్గించే హార్మోను లూప్ ఉంది. గర్భసంచిని ఉంచి గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది, గడ్డకు వెళ్ళే రక్తనాళాన్ని మూసివేసే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ మీకు సరిపోతాయని నేను అనడం లేదు. వీటి మాటే ఎత్తకుండా పది రోజుల గడువు పెట్టడం మాత్రం నాకు సరిగా కనిపించడం లేదు. పది రోజులలో క్యాన్సరుగా మారే ఫైబ్రాయిడ్ ఉండదమ్మా.

మీ అత్తగారి మాటలో చెడ్డ ఉద్దేశం ఉందని నేను అనుకోను. ఆ తరంలో చాలామందికి అలాగే చెప్పారు. అయితే ఈ ఆపరేషన్ పేరుతో కొన్నిచోట్ల అండాశయాలను కూడా తీసివేస్తారు. 38 ఏళ్ళకే అండాశయాలు పోతే మరునాటి నుంచే ముట్లుడిగిన స్థితి మొదలవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు పలచబడడం, ముందు ముందు గుండె జబ్బు ముప్పు పెరగడం, ఇవన్నీ వెంట వస్తాయి. అండాశయాలను ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా కొందరిలో ముట్లుడగడం కొంత ముందుకు వస్తుంది. ఈ సంగతి మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

ఇది మీ ఒక్కరి ఇంటి సమస్య కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ స్త్రీలలో 3.2 శాతం మందికి గర్భసంచి తొలగించగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెలుగు స్త్రీల గర్భసంచులకు మాత్రమే ప్రత్యేకమైన జబ్బు ఏదీ లేదు కదా! బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్ల మీద వేసిన వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, ఇటువంటి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలలలో అమలులోకి తేవాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది.

మరొక మాట మీవారితో మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి. ఆపరేషన్‌కు ఒప్పుకోవలసింది మీరు. సమీరా కోహ్లీ అనే ఆవిడ పరీక్ష కోసం మత్తులో ఉన్నప్పుడు, తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచిని, అండాశయాలను తీసివేసిన కేసులో, ఆ సంతకం చెల్లదని, పరీక్షకు ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు అంగీకారం కాదని 2008 జనవరిలో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. స్వయంగా నిర్ణయం తీసుకోగల వయోజన స్త్రీ బదులు తల్లిగానీ భర్తగానీ అత్తగారుగానీ ఒప్పుకోవడం కుదరదు.

ఇప్పుడు ఎవరి దగ్గరకు వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి అన్నది చెబుతాను. ముందుగా ఆ నర్సింగ్ హోములో మీ కాగితాలు అడగండి. స్కానింగ్ రిపోర్టుతో సరిపెట్టుకోకుండా ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు, డాక్టరు రాసిన చీటీ అన్నీ తీసుకోండి. నోటితో అడిగితే రేపు మాపు అంటే, తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద తేదీ వేయించుకోండి. రోగి అడిగిన 72 గంటలలో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలో ఉంది. రెండవ డాక్టరును ఎంచుకునే పని మాత్రం ఆర్ఎంపీ గారికి అప్పగించకండి. ఆయన మంచివారే కావచ్చు. కానీ రోగిని పంపినందుకు కమిషన్ ఇచ్చిపుచ్చుకునే అలవాటు మన పట్టణాలలో వేళ్ళూనుకుని ఉంది, అదే నియమావళి దానిని నిషేధించినా కూడా. మొదటి డాక్టరుతో ఏ సంబంధమూ లేనివారు, ఆపరేషన్ జరిగితే తమకు వచ్చేదీ, జరగకపోతే పోయేదీ లేనివారు మీకు కావాలి. అటువంటివారు పెద్ద ప్రభుత్వాసుపత్రులలో దొరుకుతారు. మీకు అటు బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. 1962లో మొదలైన ఆ కళాశాల మీ పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు మీదే ఉంది. ఇటు శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. విశాఖే వెళ్ళాలనుకుంటే కేజీహెచ్ గానీ, స్త్రీల వైద్యానికి మనవాళ్ళు ఘోషాసుపత్రి అని పిలిచే విక్టోరియా ఆసుపత్రి గానీ ఉన్నాయి. గుణుపురం నుంచి మీ ఊరి మీదుగా వెళ్ళే రైలే మిమ్మల్ని విశాఖకు చేరుస్తుంది. ఓపీ చీటీతో పని జరుగుతుంది, దీనికి ఏ బీమా కార్డూ అక్కరలేదు.

రెండవ డాక్టరు దగ్గర "ఫలానావారు గర్భసంచి తీయాలన్నారు, మీరేమంటారు" అని మొదలుపెట్టకండి. మీ బాధ ఏమిటో, ఎన్నాళ్ళుగా ఉందో చెప్పి, వారిని స్వయంగా పరీక్షించనివ్వండి. మొదటి సలహా గురించి చివర చెప్పండి. మొదటే వింటే డాక్టరు మనసు కూడా తెలియకుండానే ఆ దారిలో నడుస్తుంది. ఇద్దరూ ఒకే మాట చెబితే, అది ఆపరేషనే అయినా, మీరు కొట్టుమిట్టాడకుండా సంతకం పెట్టగలుగుతారు. మందులకు లొంగని రక్తస్రావానికి, లోపలి పొరలో చెడ్డ మార్పులు కనిపించినప్పుడు గర్భసంచి తీయడం సరైన వైద్యమే. ఇద్దరూ వేర్వేరుగా చెబితే "ఎందుకు" అని ఇద్దరినీ అడిగి, అవసరమైతే మూడవవారి దగ్గరకు వెళ్ళండి. అక్కడితో ఆగండి. మనకు నచ్చిన మాట వినిపించే వరకు డాక్టర్లను మారుస్తూ పోవడం వేరే సంగతి, దానివల్ల జబ్బు ముదురుతుంది.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక ఉపాధ్యాయుడు): మా అమ్మగారికి 62 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి అడ్డపొగ (చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం) అలవాటు. అంగిలి మీద పుండు మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపారు, క్యాన్సరని వచ్చింది. ఆపరేషన్ చేసి, తరువాత కరెంటు (రేడియేషన్) పెట్టాలంటున్నారు. విశాఖలో కూడా చూపిద్దామంటే మళ్ళీ ముక్క కోస్తారని అమ్మ ఏడుస్తోంది. రిపోర్టు కాగితం ఇచ్చారు గానీ మిగతావి ఇవ్వడం కుదరదన్నారు.

జవాబు: చాలావరకు మళ్ళీ కోయనక్కరలేదు, ఈ మాట ముందుగా అమ్మగారికి చెప్పండి. పరీక్షకు తీసిన ముక్కను మైనంలో పొదిగి చిన్న దిమ్మగా చేస్తారు. దాని నుంచి పలచని పొరలు కోసి, గాజుపలకల మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. ఆ దిమ్మ ఏళ్ళ తరబడి చెడిపోదు. విశాఖలోని పాథాలజిస్టుకు ఆ స్లైడ్లు, ఆ దిమ్మ అందితే చాలు, కావాలంటే కొత్త పొరలు కోసుకుంటారు. కనుక ఆసుపత్రికి లిఖితపూర్వకంగా రాసి, స్లైడ్లను, మైనపు దిమ్మను అడగండి. వాటి మీద ఉన్న నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని అక్కడే నిలబడి సరిచూసుకోండి. ఇది చిన్న జాగ్రత్తలా కనిపిస్తుంది కానీ దీనిని వదలకండి.

క్యాన్సరులో రెండవ అభిప్రాయం రెండు సంగతులకు పనికివస్తుంది. ముక్క పరీక్షను మరొక కన్ను చూస్తుంది. అలాగే ముందు ఆపరేషనా, కరెంటా, మందులా అన్న వరుసను సర్జను, రేడియేషన్ డాక్టరు, మందుల డాక్టరు కలిసి కూర్చుని నిర్ణయిస్తారు. అంగిలి ఆపరేషన్ తరువాత తినడం, మాట్లాడడం రెండూ మారతాయి కనుక ఆ ముగ్గురూ ఒకచోట కూర్చుని చెప్పిన మాట మీకు కావాలి. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ముంబయి టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందినదే. ప్రయాణం కష్టమైతే, టాటా మెమోరియల్, జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లతో కలిసి పనిచేసే "నవ్య" అనే ఆన్‌లైన్ సేవకు కాగితాలు పంపి అభిప్రాయం తెప్పించుకోవచ్చు. ఖర్చు విషయానికి వస్తే, ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్ అమలులోకి వచ్చింది, ఆ కార్డు పథకంలో చేరిన ఇతర రాష్ట్రాల ఆసుపత్రులలోనూ చెల్లుతుంది. బయలుదేరే ముందు ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కోండి.

ఇదంతా రెండు వారాలలో ముగిసేలా చూసుకోండి. రెండవ డాక్టరు కోసం తీసుకున్న సమయం వల్ల క్యాన్సరు ముదిరిపోయినవారిని నేను పెద్దగా చూడలేదు. ఆ మధ్యలో ఎవరో చెప్పారని నాటుమందుకు వెళ్ళి, మూడు నెలల తరువాత తిరిగి వచ్చినవారిని మాత్రం చాలామందిని చూశాను. అమ్మగారి చేత చుట్ట ఈ రోజే మాన్పించండి. నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఆ అలవాటే అంగిలిని కాల్చి ఇంతవరకు తెచ్చింది. మన తీరం వెంబడి పల్లెలలో ఎందరో పెద్దవారికి ఆ అలవాటు ఇంకా ఉంది. మీ ఇంటి పక్కన ఎవరైనా ఉంటే వారి నోరు కూడా ఒకసారి చూపించమనండి.

ప్రశ్న (బరంపురం నుంచి): మా వారికి 58 ఏళ్ళు. మెట్లెక్కితే గుండెలో పట్టేసినట్టు అవుతుంది, కూర్చుంటే తగ్గిపోతుంది. యాంజియోగ్రాం చేస్తుండగానే బయటకు వచ్చి, ఒక నాళం 80 శాతం మూసుకుపోయింది, వెంటనే స్టెంటు వేయాలి, సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు, ఇంటికి తీసుకువచ్చాను. మా అబ్బాయి నా మీద మండిపడుతున్నాడు.

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే, ఆగి అడగడానికి మీకు వ్యవధి ఉంది. శ్రమపడితే వచ్చి, విశ్రాంతితో తగ్గే నొప్పి నెలల తరబడి ఒకేలా ఉంటే దానిని నిలకడగా ఉన్న గుండె జబ్బు అంటారు. ఇటువంటి 5,179 మంది మీద 37 దేశాలలో జరిపి 2020లో ఫలితాలు ప్రచురించిన ఇస్కీమియా అనే అధ్యయనంలో, మొదటే స్టెంటు లేదా బైపాస్ చేసినవారికి, మంచి మందులతో మొదలుపెట్టినవారికి మధ్య మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నొప్పి తరచుగా వచ్చేవారికి మాత్రం స్టెంటు వల్ల ఉపశమనం ఎక్కువగా కలిగింది. అయితే గుండె ఎడమవైపు ప్రధాన నాళంలో అడ్డు ఉన్నవారిని, గుండె బలం బాగా తగ్గినవారిని ఆ అధ్యయనంలో చేర్చలేదు. అందువల్ల యాంజియోగ్రాం సీడీ, ఎకో రిపోర్టు తీసుకుని మరొక గుండె డాక్టరును ఈ వారంలోనే కలిసి, అడ్డు ఏ నాళంలో ఉంది, గుండె బలం ఎంత అన్న రెండు ప్రశ్నలు అడగండి. మీ అబ్బాయిని కూడా వెంట తీసుకువెళ్ళండి, ఆ జవాబు అతను స్వయంగా వినడం మంచిది. ఈలోగా రాసి ఇచ్చిన మాత్రలు ఒక్క పూట కూడా ఆపకండి.

కూర్చుని ఉన్నప్పుడే నొప్పి వచ్చి తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో పాకినా, ఈ జవాబు మీకు వర్తించదు. అది గుండెపోటు కావచ్చు. అప్పుడు రెండవ డాక్టరు కోసం చూడకుండా, రాత్రయినా పగలైనా 108కి ఫోను చేసి, దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, అక్కడి డాక్టరు చెప్పిన చోట వెంటనే సంతకం పెట్టండి.